పాటకు అడ్డం రాని బట్ట

"చెయ్యి పెట్టమ్మా" అనేవారు ముందుగా. నమస్కారం కూడా ఆ తర్వాతే.

సంచీలోంచి బట్ట చుట్ట తీసి, రెండు మూరలు విప్పి, ముఖానికి అడ్డంగా బిగించి పట్టుకునేవారు. మనం ఇవతల వైపు అరచెయ్యి పెట్టాలి. అవతలి నుంచి ఆయన ఊదేవారు. గాలి తగిలితే బట్ట పాసైనట్టు. "తగిలిందండీ" అని మనం నోరు తెరిచి చెప్పేదాకా బట్ట దించేవారు కాదు. చెప్పాక మాత్రం బట్ట అంచు మీదుగా రెండు కళ్ళు కనపడేవి, నవ్వుతూ.

"గాలికి అడ్డమొచ్చేది పాటకీ అడ్డమే" అని బట్ట మడత పెట్టేవారు.

పోయిన ఆదివారం పొద్దున భాయ్ ఫోన్ చేశాడు. "మేడమ్ గారూ, మావయ్య పోయాడంట. చల్లపల్లి నించి ఇప్పుడే కబురొచ్చింది" అన్నాడు. నేను ఫోను పెట్టేసి హాల్లోకి వచ్చి, స్పీకరు ముందు అరచెయ్యి పెట్టి నిలబడ్డాను. స్పీకరు ఆన్ చేసి కూడా లేదు.

పోయినాయన నేతగాడు, భాయ్‌కి పిలుపు వరసకే మావయ్య. చల్లపల్లి అవతల ఒక చిన్న ఊళ్ళో గుంట మగ్గం. మామూలుగా చీరలూ తువ్వాళ్ళూ నేసేవారు. వాటితో పాటు స్పీకర్ల ముందు బిగించే పలచటి బట్ట కూడా నేసేవారు. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఆయనుంటే రాయనిచ్చేవారు కాదు, లేరు కదా అని రాస్తే నాకు నిద్ర పట్టదు.

ఆయన నాకెలా తెలుసంటే మా ఆయన సౌండు పిచ్చి పుణ్యమా అని తెలుసు. విజయవాడ వన్ టౌన్‌లో, హోల్‌సేలు బట్టల కొట్ల వెనక సందులో, భాయ్‌కి వడ్రంగి షెడ్డు ఉంది. భాయ్‌ని వన్ టౌనంతా భాయ్ అనే పిలుస్తుంది. వాళ్ళ నాన్న పందిరి మంచాలు చేసేవాడు. భాయ్ మనసు పాటల మీదికి మళ్ళి, మంచాలు మానేసి స్పీకరు పెట్టెలు మొదలుపెట్టాడు. లోపలి సామాను మద్రాసు నుంచి తెప్పించి, టేకు పెట్టెలో బిగించి, నెలల తరబడి విని సరిచేసి గాని ఇచ్చేవాడు కాదు. షెడ్డు మీద ఒక గది. తొంభైల మొదట్లో, ఆదివారం పది దాటాక, ఊళ్ళో ఉన్న గొప్ప గొప్ప చెవులన్నీ ఆ గదిలో చేరేవి.

ఆ చెవుల్లో పెద్దది ఎముకల డాక్టరు గారిది. ఆయన ఇంట్లో ఫారిన్ స్పీకర్లు ఉన్నాయి కాబట్టి ఆయన మాటకి కాస్త బరువెక్కువ. తర్వాత మా ఆయన. వారమంతా ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తా, ఆదివారం మాత్రం సౌండు ఇంజనీరు. మిగతావాళ్ళు వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు. గాజు గొట్టాల పాత ఆంప్లిఫయరులో ఉన్న వెచ్చదనం ట్రాన్సిస్టరులో ఉందా? సీడీ వచ్చి పాట ప్రాణం తీసిందా, పోసిందా? వైరు బొటనవేలంత లావుంటే పాటకి పుష్టి వస్తుందా? ఇవీ చర్చలు. ఒక పాట పల్లవి వేసేవారు. "ఆ బేస్ చూశారా, కడుపులో తగల్లా?" అని ఒకరు. "బేస్ సరేనండీ, గొంతు ముక్కులోంచి వస్తోంది" అని ఇంకొకరు. ఆపి, వైరు మార్చి, మళ్ళీ అదే పల్లవి. ఆ గదిలో చరణం దాకా నడిచిన పాట నాకు గుర్తులేదు.

నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని. ధ్వని పాఠం ఏటా చెబుతాను. అయినా ఆ గదిలో నా అభిప్రాయం ఎవరూ అడిగేవారు కాదు. పునుగుల పొట్లం విప్పి అందరికీ పంచిపెట్టడం నా వాటా పని. మొదట్లో తలుపు దగ్గర కుర్చీ వేసేవారు. ఒకరోజు ఆ కుర్చీ ఎవరో లాక్కుంటే, వెనక గోడ పక్కన చాప మీద కూర్చున్నాను. ఆ చాప ఆ నేతాయనది, నేను బాబాయి గారు అనేదాన్ని. అప్పటి నుంచి మేమిద్దరం ఒక బెంచీ.

పంచె, పొడుగు చేతుల చొక్కా, కనుబొమల్లోనో చెవి మీదో ఎప్పుడూ ఒక దూది నలుసు. "బాబాయి గారూ, చెవి మీద దూది" అని నేను చెప్పడం, "ఉండనీ అమ్మా, వీళ్ళ వాదన కాస్త వడకట్టుద్ది" అని ఆయన అనడం. నెలకోసారి మొదటి బస్సుకి బయల్దేరి, కూచిపూడి, పామర్రు మీదుగా వచ్చి బట్ట ఇచ్చి, విని, మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయేవారు. బట్ట ఇచ్చాక ఆగాల్సిన పనేం లేదు. పాట కోసం ఆగేవారు.

ఆయన వినడం చూడాలి. మఠం వేసుకుని కూర్చునేవారు కాదు. గోడకి ఆనుకుని కాళ్ళు ముందుకి చాపేవారు. పాట కుదిరితే ఆ కాళ్ళు ఒకటి తర్వాత ఒకటి మెల్లగా కదిలేవి. గుంటలో కూర్చుని మగ్గం తొక్కుతున్నట్టే. ఆయనకి ఆ సంగతి తెలియదు. పాట కుదరకపోతే కాళ్ళు ఆగిపోయేవి. కొన్నాళ్ళకి నేను డాక్టరు గారి నోరు చూడటం మానేసి ఈయన కాళ్ళు చూడటం మొదలుపెట్టాను. కాళ్ళు ఆగిన ప్రతిసారీ, ఎంత వాదించినా, చివరికి ఆ సెట్టులో ఏదో లోపం బయటపడేది. అదేదో నా గొప్పయినట్టు నేను లోలోపల మురిసిపోయేదాన్ని.

ఒకసారి డాక్టరు గారు కొత్తగా తెప్పించిన హెడ్‌ఫోన్లు పట్టుకొచ్చారు. మెత్తటి తోలు, నల్లటి పెట్టె, పట్టుగుడ్డలో చుట్టి. ఒక్కొక్కరి తలకీ తగిలించారు. ప్రతివాళ్ళూ కళ్ళు మూసుకుని "అబ్బ" అన్నారు. మా ఆయన అయితే "వాయిద్యగాళ్ళు ఎక్కడెక్కడ కూర్చున్నారో కనపడుతున్నారండీ" అన్నారు. చివర్లో సరదాకి బాబాయి గారి తలకి పెట్టారు. ఆయన పాట పూర్తిగా విన్నారు. మధ్యలో తీయబోతే చెయ్యి అడ్డం పెట్టారు. అయిపోయాక రెండు చేతులతో జాగ్రత్తగా తీసి డాక్టరు గారికి అందించారు.

"ఎలా ఉంది?" అన్నారు డాక్టరు గారు.

"బెమ్మాండంగా ఉందండి. ఇంత శుభ్రంగా నేనెప్పుడూ వినలా. కాకపోతే ఆహా అందామని పక్కకి తిరిగితే మీరందరూ ఏదో మాట్టాడుకుంటన్నారు. పక్కన వినే మనిషి లేకపోతే ఆహా అని ఎవరితో అనేదండీ?"

గదంతా నవ్వింది. డాక్టరు గారు కూడా నవ్వారు. కానీ ఆ మాట ఆయన్ని ఎక్కడో పట్టుకున్నట్టుంది. ఆ హెడ్‌ఫోన్లు మళ్ళీ ఆ గదికి రాలేదు.

సెట్టు పరీక్షకి బాబాయి గారి దగ్గర ఒకే ఒక సాధనం ఉండేది. గజ్జెల క్యాసెట్టు. కూచిపూడిలో నాట్యం నేర్చుకునే పిల్లలకి సాధన చీరలు ఈయనే నేసిచ్చేవారు. అక్కడి మాస్టారొకరు ఓ పొద్దుటి పూట పిల్లల అడుగుల సాధన రికార్డు చేసి ఇచ్చారట. తాళం, గజ్జెలు, నేల మీద పాదాల చప్పుడు, మధ్యలో ఒక కాకి. అంతే. లక్షణమైన సీడీలు ఉండగా ఈ గీకుడు క్యాసెట్టేమిటని మా ఆయన విసుక్కునేవారు.

"పాటయితే మనకి ముందే తెలుసు గదండీ, లేనిది కూడా చెవి కల్పించుకుంటది. గజ్జెకి మొగమాటం లేదు. ఏ గింజకా గింజ మోగాలి. గుప్పెడు రాళ్ళు పోసినట్టుంటే ఆ పెట్టె దండగ" అనేవారాయన. ఫిజిక్సు చదువుకున్న నాకు అంతకన్నా మంచి పరీక్ష ఇప్పటికీ తోచలేదు.

ఒక వేసవి సెలవుల్లో వాళ్ళ ఊరు వెళ్ళాం. వీధి పొడవునా పడుగు దారాలు సాగదీసి, గంజి పట్టించి, ఇద్దరు మనుషులు కుంచెలతో దువ్వుతున్నారు. గంజి లేకపోతే దారం మగ్గం దెబ్బకి ఆగదట. ఆయన ఇంట్లో ఎంత వెతికినా నాకు రేడియో కూడా కనపడలేదు. అదేమిటని అడిగితే, "మగ్గం మోగతా ఉంటే పాటెక్కడ వినపడుద్దమ్మా? అందుకేగా వన్ టౌన్ దాకా వచ్చేది" అన్నారు. మేము వరండాలో మజ్జిగ తాగుతున్నాం. లోపల వాళ్ళావిడ మగ్గం మీద ఉంది. ఆయన మా ఆయనతో ఏదో చెబుతూ చెబుతూ, వెనక్కి తిరగకుండానే, "ఎడం పక్క పోగు తెగింది చూడు" అని కేకేశారు. మగ్గం ఆగింది. లోపల్నుంచి ఆవిడ, "తెగిందిలే, చూశా. అతిథులతో మాట్టాడేటప్పుడైనా నా మీద ఓ చెవి వెయ్యటం మానవు గదా!" అంది. మా ఆయన గ్లాసు అలాగే పట్టుకుని ఉండిపోయారు. ఆ రోజు నుంచి గజ్జెల క్యాసెట్టు మీద విసుక్కోలేదు.

స్పీకరు బట్ట ఎలా చేస్తారో అప్పుడే చెప్పారు. దారాలు ఎడంగా ఉండేలా పలచగా నేసి, మగ్గం మీంచి దించాక మూడుసార్లు కాలవ నీళ్ళలో ఉతికి గంజంతా వదలగొట్టాలి. గంజి ఉంటే దారాల మధ్య సందులు పూడుకుపోతాయి. చీరకైతే గంజి ఉండాల్సిందే. గంజి పెట్టిన కొత్తబట్ట పెళపెళలాడుతూ కొన్నవాళ్ళ చేతిలో పడటం నేతగాడి మర్యాద. "ఒక మగ్గం మీద రెండు మర్యాదలమ్మా. ఒకదానికి గంజి ఉంచాలి, ఒకదానికి తియ్యాలి" అన్నారు నవ్వుతూ. ఆ మాట ఆయనకే ఎదురు తిరుగుతుందని అప్పుడు మాకెవరికీ తెలియదు.

నాలుగైదేళ్ళు గడిచాయి. బయటి నుంచి రెడీమేడు సెట్లు దిగాయి. చిన్న చిన్న ప్లాస్టిక్కు పెట్టెలు ఐదారు, గది నలుమూలలా పెట్టుకునేవి. భాయ్ షెడ్డుకి వచ్చేవాళ్ళు తగ్గారు. బంధువులు ఫర్నిచరు షాపులో మేస్త్రీగా చేరమని పోరుతున్నారు. భాయ్ వినడం లేదు గాని, వినకుండా ఎన్నాళ్ళుండగలడో తెలియని పరిస్థితి. అప్పుడు ఉయ్యూరు వైపు నుంచి ఒక రైసుమిల్లు ఆసామి కబురు పెట్టాడు. కొత్తిల్లు కట్టాడు, హాలుకి పెద్ద స్పీకర్లు కావాలి. ఫారిన్‌వి కొనేద్దామనుకుంటుంటే డాక్టరు గారు భాయ్ పేరు చెప్పారట. "రెండూ పక్కపక్కన పెట్టి వినిపించండి, ఏది బాగుంటే అది" అన్నాడు. ఆయనకి నచ్చితే ఆయన వెనక కొనేవాళ్ళు పదిమంది ఉన్నారు. నచ్చకపోతే షెడ్డు మూసేస్తానని భాయ్ మా ఆయనతో చెప్పేశాడు.

మనిషంత ఎత్తు జత చేశాడు భాయ్. శ్రావణమాసం, వర్షాలు. అనుకున్న ఆదివారం పొద్దున బాబాయి గారు తడిసిన గొడుగుతో, గోనెపట్టాలో చుట్టిన బట్టతో దిగారు. తెల్లటి బట్ట, నున్నగా, నిగనిగలాడుతూ, మడత నిలబడి ఉంది. భాయ్ ఫ్రేములకి బిగించాడు. ఆ పెట్టెలు పెళ్ళికొడుకుల్లా ఉన్నాయి. అందరం చుట్టూ తిరిగి చూసుకున్నాం. ఆ హడావిడిలో ఆయన ఆ పూట "చెయ్యి పెట్టమ్మా" అనలేదు. నేనూ గమనించలేదు.

డాక్టరు గారి స్పీకర్లు ఒక పక్క, భాయ్‌వి ఒక పక్క. ఆసామి మధ్య కుర్చీలో కూర్చున్నాడు. ముందు ఫారిన్‌వి వేశారు. బాగున్నాయి, ఎందుకు బాగుండవు? తర్వాత భాయ్‌వి వేశారు. వేసిన అర నిమిషానికే ఎవరూ ఎవరి మొహం చూడటం లేదు. గొంతు దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టుంది. తాళం మొద్దుబారిపోయింది. పెద్ద శబ్దం వచ్చినప్పుడల్లా ఎక్కడో చిన్న బర్రుమనే చప్పుడు. నేను చాప వైపు చూశాను. ఆయన కాళ్ళు కదలడం లేదు.

ఇక నిపుణులు అందుకున్నారు. "నేను ముందే చెప్పలా, టేకు పెట్టెకి ఇంత ఎత్తు పనికిరాదని" అన్నారు డాక్టరు గారు. "పెట్టెది కాదండీ, లోపల సన్న ధ్వనినీ లావు ధ్వనినీ విడదీసే సర్క్యూటు ఉంది చూశారూ, దాన్లో కాయిలు తేడా కొట్టింది" అన్నారు మా ఆయన. అది కాయిలు కాదు, సన్న ధ్వని పలికే ట్వీటరే మంచిది కాదని ఇంకెవరో. వాదన వేడెక్కింది. భాయ్ అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూసి, ఎవరు చెప్పింది వాళ్ళ దగ్గర ఒప్పుకుంటూ, జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. ఆసామి లేచి గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు పెడుతున్నాడు.

"అయ్యా, ఒక్క నిమిషం కూర్చోండి."

చాప మీంచి లేచారు బాబాయి గారు. ఆ గదిలో ఆయన అంత గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి.

"పెట్టెని ఏవనబాకండి. తప్పు పెట్టెది కాదు, కాయిల్ది కాదు. బట్టది. నాది."

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన తిన్నగా స్పీకరు దగ్గరికెళ్ళి, బట్ట బిగించిన ఫ్రేమును ఊడదీసి, ముఖానికి అడ్డంగా పట్టుకున్నారు. "చెయ్యి పెట్టమ్మా" అన్నారు. పెట్టాను. ఊదారు. ఇంకా గట్టిగా ఊదారు. నా అరచేతికి ఏమీ తగల్లేదు. ఆయన వైపు చూశాను. "చెప్పమ్మా, అందరికీ వినపడేట్టు చెప్పు" అన్నారు.

"తగల్లేదండీ" అన్నాను. అంత కష్టంగా నేను ఏ మాటా అనలేదు.

"గంజి తియ్యలేదండీ" అన్నారాయన, ఆసామి వైపు తిరిగి. "వాన, ఆరదేమోనని ఒక భయం. అదీ అబద్ధమే లెండి. పెద్దింటి హాలుకి పోయే బట్ట, మొదటిరోజు కాస్త పెళపెళలాడతా నిలబడితే బావుంటదని ఆశపడ్డా. నా మర్యాద చూసుకున్నా గాని ఈ సాయిబు పని చూసుకోలా."

మొలలోంచి దారాలు కోసే చిన్న కత్తి తీశారు. భాయ్ చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు మావయ్యా, కొయ్యొద్దు. మేకులు తీద్దాం, ఉతికి తెద్దువుగాని."

"ఉతికి ఆరేదాకా ఈయన చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడతాడా? వదులు సాయిబూ."

అంచుకో గీత. ఫ్రేము నాలుగంచులా గీసి, ఆ తెల్లబట్టని లాగి పక్కన పడేశారు. రెండో స్పీకరుకీ అంతే. నేతగాడు తన నేతని తన చేత్తో కొయ్యడం ఎలాంటిదో నాకు ఆ క్షణంలో తెలిసింది. ఆయన క్యాసెట్టు తీసి భాయ్ చేతికిచ్చారు.

గజ్జెలు మోగాయి. ఏ గింజకా గింజ మోగింది. తాళం గది మధ్యలో నిలబడి కొట్టినట్టు వచ్చింది. కాకి అరిస్తే ఆసామి కిటికీ వైపు చూశాడు. చెప్పులు వదిలేసి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. క్యాసెట్టు ఒక వైపు అయిపోయేదాకా ఎవరూ ఆపలేదు. చాప మీద బాబాయి గారి కాళ్ళు మెల్లగా కదులుతున్నాయి. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ పక్కన కూర్చునే హక్కు ఉన్నది నా ఒక్కదానికేనని గర్వంగా కూడా ఉంది.

"ఇలా నలుగురిలో తప్పు నాదంటే రేపు నీ బట్ట ఎవరు కొంటారయ్యా?" అన్నాడు ఆసామి పోతూ పోతూ.

"కొనకపోతే మానెయ్యండి. పెట్టెలు మాత్రం కొనండి" అన్నారాయన.

ఆసామి పెట్టెలు కొన్నాడు. బట్ట మాత్రం ఎక్కడిదో నల్లటి మిల్లు బట్ట వేయించుకున్నాడు. కథల్లో అయితే బట్ట కూడా ఈయనదే కావాలని పట్టుబట్టేవాడు. ఈ సంగతి భాయ్ చెప్పలేక చెబితే బాబాయి గారు, "న్యాయమే గదా. గాలి పోతందా లేదా, ఊది చూశావా?" అని మాత్రం అడిగారు. షెడ్డు మూతపడలేదు. ఆసామి వెనక పదిమంది కాకపోయినా ఏడాదికి ఇద్దరు ముగ్గురు వచ్చారు. డాక్టరు గారు ఆ రోజు తర్వాత అభిప్రాయం చెప్పే ముందు చాప వైపు ఒకసారి చూడటం అలవాటు చేసుకున్నారు. ఆసామి తర్వాత వచ్చినవాళ్ళెవరికీ మిల్లు బట్ట వెయ్యలేదు భాయ్. బాబాయి గారు నేసిందే వేశాడు. మరుసటి ఏడు మా ఇంటికి చేసిన జతకీ అదే.

ఆ జత ఇప్పటికీ మా హాల్లో ఉంది. కొన్నాళ్ళుగా బట్ట మట్టిరంగుకి తిరిగింది. బాబాయి గారు వచ్చినప్పుడు మార్పిద్దాం అంటూ వాయిదా వేశాను. ఆయనకి మోకాళ్ళు పట్టేసి, బస్సెక్కడం మానేసి మూడేళ్ళయినా అదే మాట. ఇక ఆయన రారు కాబట్టి మొన్న భాయ్‌ని రమ్మన్నాను. కొత్త మిల్లు బట్ట తెచ్చాడు. ఫ్రేము ఊడదీసి, వెనక మేకులు పీకి, లోపలికి మడిచిన అంచు విప్పాడు. ఆ అంచు పొడవునా ఒక్క ఎర్ర పోగు ఉంది. తెల్లబట్టలో ఒకే ఒక్క ఎర్ర దారం, ఈ కొస నుంచి ఆ కొస దాకా. ఇన్నేళ్ళూ మడత వెనక ఉండి మాకు కనపడలేదు.

"ఇదేంటి భాయ్?" అన్నాను.

"మీకు తెలీదా మేడమ్? ఆ బట్ట కోసిన కాడి నుంచి నేసిన ప్రతి దానికీ ఉంటది. నేనూ అడిగా ఓసారి, ఏం మావయ్యా, పేరేసుకుంటన్నావా అని. 'పేరు కాదు సాయిబూ. రేపు ఎవరింట్లోనన్నా పాట మూగబోతే ముందు నిన్ను తిడతారు. అంచు తీసి చూడమను. ఎర్ర పోగుంటే తిట్లు నాకు పంపించు' అన్నాడు. ఒక్క తిట్టు కూడా పంపించాల్సిన పనిబళ్ళేదు" అన్నాడు. అని, కళ్ళు తుడుచుకోవడానికి సుత్తి కింద పెట్టాడు.

కొత్త బట్ట వద్దన్నాను. ఆ పాత బట్టనే మూడు నీళ్ళల్లో నేనే ఉతికాను. ఆరాక భాయ్ ముఖానికి అడ్డంగా పట్టుకుని ఊదాడు, నేను చెయ్యి పెట్టాను. తగిలింది. బిగించేటప్పుడు మాత్రం ఎర్ర పోగున్న అంచు లోపలికి మడవనివ్వలేదు, ముందు వైపే కనపడేలా కొట్టించాను. "మావయ్య ఉంటే ఊరుకోడు మేడమ్" అన్నాడు భాయ్. "నేను చూసుకుంటాలే, కొట్టు" అన్నాను.

నిన్న డాక్టరు గారు వచ్చారు. వయసు మీద పడింది గాని స్పీకరు కనపడితే ముందు దాని చుట్టూ తిరగడం పోలేదు. కళ్ళజోడు సర్దుకుని వంగి చూశారు.

"ఇదేంటమ్మా, అంచు బయటికొచ్చింది! ఎర్ర దారం కనపడుతోంది. మన భాయ్‌కి చూపు తగ్గిందా?"

"తగ్గలేదండీ. నేనే కొట్టించాను. ఎందుకో చెబుతాను" అని, భాయ్ దగ్గరే ఉండిపోయిన గజ్జెల క్యాసెట్టు పెట్టాను. "ముందు కూర్చోండి. ఈసారైనా చివరిదాకా వినండి."